దుబాయ్ పోయే అల్లుడికి

నెరణికి



దుబాయ్, అబుదాబి చూడాలని, టూర్ వాళ్లతో కాకుండా ఒక్కడినే పోతానని రాసినావు. సంతోషం. మన పక్కనుంచి గల్ఫుకు పనికోసం పోయినవాళ్లనే చూసినా గానీ, ఊరు చూసొద్దామని సొంత డబ్బుతో పోయేవాడిని మన ఇంట్లో నిన్నే చూస్తున్నా.

కానీ విజయదశమి పొద్దున హైదరాబాదులో దిగి, రాత్రికి దేవరగట్టులో కర్రలతో జరిగే బన్ని ఉత్సవానికి చేరతానన్నావే, ఆ లెక్క మార్చుకో. విమానం సగం పూట ఆలస్యమైతే చాలు, అంతా చెడుతుంది. ఆ సాయంత్రం ఆదోని, ఆలూరు దారుల్లో జనం ఎట్లుంటారో నీకు తెలుసు. అర్ధరాత్రి మాళమ్మ మల్లేశ్వరుల కల్యాణం అయినాక ఊరేగింపు ఎవరికోసమూ ఆగదు. నిద్రలేని కళ్లతో కర్రల మధ్యకు వస్తానంటే నేను రానియ్యను. కనీసం రెండు రోజులు ముందే ఇల్లు చేరేట్టు టికెట్ తీయి.

టికెట్ కంటే ముందు పాస్‌పోర్టు తెరిచి నీ పేరు చూసుకో. దీని గురించి ఎక్కువ రాస్తా, విసుక్కోకు. మన దిక్కు బడి రికార్డుల్లో చాలామందికి ఒక్క పేరే ఉంటుంది, ఇంటిపేరు ఉన్నా పొడి అక్షరమే. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి. మనోళ్లు పేరంతా ఒక గడిలో రాసి ఇంకోటి ఖాళీగా వదిలేస్తారు. ఇక్కడ దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. యూఏఈ మాత్రం 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానియ్యడం లేదు. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామన్నారు గానీ, నువ్వు ఆ మాటమీద ఆధారపడొద్దు. రీఇష్యూకు పెట్టుకుని సరిచేయించుకో. 36 పేజీలదానికి ఫీజు 1500 రూపాయలు. పోలీసు విచారణ ఉంటే రోజులు పడతాయి, అందుకే ఇప్పుడే మొదలుపెట్టు. కొత్త పాస్‌పోర్టులో ఏ పేరుంటే అదే అక్షరాలా టికెట్ మీద ఉండాలి. గడువు కూడా అక్కడ దిగే రోజుకు ఆరు నెలలు మిగిలి ఉండాలి.

తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు ఫోన్లోనే కాదు, చేతిలోనూ ఉంచుకో. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు జరిమానా. వచ్చినావు కదా, నాలుగు నెలలు పని చూపిస్తామని అక్కడెవరన్నా అంటే వినొద్దు. విజిట్ వీసా మీద పని చేయడం ఆ దేశంలో నేరం. మనవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

బ్యాంకు కార్డులో విదేశీ వాడకం మనం తెరిస్తేనే తెరుచుకుంటుంది, యాప్‌లో చూసుకో. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ వేయించుకో. ఇన్సూరెన్స్ వదలొద్దు.

ఇక మూట. మీ అమ్మ మసాలా పొడి కట్టిస్తుంది. అందులో గసగసాలు పడి ఉంటే ఇంట్లోనే పెట్టు. మనకది వంట సామాను, యూఏఈలో మత్తు పదార్థాల కింద లెక్క, జైలు దాకా పోతుంది. కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ మాత్రలూ అంతే, ముందు అనుమతి లేకుండా తీసుకుపోవద్దు. మన మల్లేశ్వరుడి బండారు పసుపు నీ జేబులో ఉండాలని నాకూ ఉంది. కానీ పేరులేని పొట్లంలో పసుప్పొడి చూసి ఆపితే ఎవరికి ఏమని చెప్పుకుంటావు? నుదుట పెట్టుకుని బయలుదేరు, పొట్లం వద్దు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే, పెద్ద పెట్టెలో వేయనివ్వరు.

పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్స్ నకళ్లు నాకొకటి, మీ అమ్మకొకటి ఇచ్చిపో. పాస్‌పోర్టు పోతే ముందు అక్కడి పోలీసుల దగ్గర కాగితం రాయించుకుని, దుబాయ్‌లో అయితే మన కాన్సులేటుకు, అబుదాబిలో అయితే ఎంబసీకి పో. తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. నువ్వు తొమ్మిదికి ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర, మీ అమ్మ అప్పటిదాకా పడుకోదు. ఏడున్నరలోపే చేయి.

మీ మామ