చిట్టి చేతుల దండ

పొందిన మేలును గుర్తించి, ఆ గుర్తింపును మేలు చేసినవారికి తెలియజేయడమే కృతజ్ఞత. పెద్దలు దీనిని మాటలతో తెలుపుతారు. మాటలు ఇంకా కూడిరాని రెండుమూడేళ్ళ పసివారికి నోటికంటె చేయే ముందు పలుకుతుంది. సగం కొరికిన జామకాయను అమ్మ నోటికి అందించని బిడ్డ ఉండదు. అట్టి చిట్టి చేతులు పది కలిసి ఒక బొమ్మను తీర్చి, తమను సాకినవారికి కానుకగా ఇస్తే, ఆ కానుకకు విలువ ఎక్కడి నుండి వస్తుంది? దాని అందం నుండా, అది ఇచ్చిన చేతుల నుండా?

గౌతమీ వసిష్ఠా పాయల నడుమ సముద్రం దాకా పరచుకొన్న పచ్చని నేల కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పదిమంది చేతులు కలిపి ఒక అందాన్ని నిలబెట్టడం తరతరాల అలవాటు. కనుమనాడు జగ్గన్నతోటకు తరలివచ్చే ఏకాదశ రుద్రుల ప్రభలే దీనికి సాక్ష్యం. వెదురు బద్దలతో, రంగురంగుల వస్త్రాలతో ఊరివారందరూ కలిసి ప్రభను కడతారు. 2023 గణతంత్ర దినోత్సవంనాడు న్యూఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచినది ఈ ప్రభల తీర్థమే.

పెద్దల ఈ కళకు పక్కనే పసివారి కళ కూడా ఒకటి ఉంది. అది భోగిపిడకల దండ. ధనుర్మాసంలో పిల్లలు ఆవుపేడను చిన్న చిన్న బిళ్ళలుగా తట్టి, నడుమ వేలితో రంధ్రం చేసి ఎండబెడతారు. ఎండిన పిడకలను తాడుకు గుచ్చి, భోగినాటి తెల్లవారుజామున మంటలో వేస్తారు. అక్క తట్టిన పిడక గుండ్రంగా ఉంటుంది. మూడేళ్ళ తమ్ముడు తట్టినది ఒక వైపు మందంగా, మరొక వైపు పలుచగా, అయిదు వేళ్ళ గుర్తులతో ఉంటుంది. దండలో రెండింటికీ చోటు ఉంటుంది. వంకర పిడకను తీసివేసి, దాని చోట చక్కనిదానిని గుచ్చితే తమ్ముడు ఏడుస్తాడు. దండలో తన పాలు పోయిందని ఆ పసి మనసు గ్రహిస్తుంది.

పసివారు కలిసి పనిచేసే తీరు పెద్దల తీరు వంటిది కాదు. అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ పార్టెన్ పిల్లల ఆటలను పరిశీలించి 1932లో తన పరిశోధనను ప్రకటించారు. మిక్కిలి చిన్నవారు పక్కపక్కన కూర్చున్నా ఎవరి ఆట వారే ఆడుకొంటారనీ, వయసు పెరిగినకొద్దీ ఒకరితో ఒకరు కలిసి ఆడడం నేర్చుకొంటారనీ ఆమె తెలిపారు. కనుక ఒకే కాగితం చుట్టూ కూర్చున్న రెండేళ్ళ పిల్లలు ఒకే బొమ్మ గీయరు. ఎవరి గీత వారు గీస్తారు. ఆ గీతలన్నింటిని ఒక చోట నిలిపేది ఆ కాగితమే. దండలో తాడు చేసే పని కూడా అదే.

ఇచ్చే గుణం మాత్రం పసితనంలోనే మొలకెత్తుతుంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టొమసెల్లో అనే శాస్త్రవేత్తలు 2006లో ప్రకటించిన పరిశోధనలో, పెద్దవారి చేతినుండి జారిపడిన వస్తువును పద్దెనిమిది నెలల పిల్లలు ఎవరూ చెప్పకుండానే తీసి అందించారు. అట్టి సాయానికి బహుమతి ఇవ్వడం మొదలుపెడితే పిల్లలలో సాయపడే ఉత్సాహం తగ్గుతుందని వారే 2008లో చూపారు. రెండేళ్ళు నిండని పిల్లలు తినుబండారాన్ని పుచ్చుకొన్నప్పటికంటె ఇచ్చినప్పుడే ఎక్కువ సంతోషం కనబరచారనీ, తమ పాలులోనుండి ఇచ్చినప్పుడు ఆ సంతోషం మరింత హెచ్చిందనీ 2012లో వెలువడిన మరొక పరిశోధన తెలిపింది. తనది అయినదానిని ఇచ్చినప్పుడే బిడ్డకు ఆనందం.

ఈ సత్యం అంగన్‌వాడీలకు ఎంతో అవసరం. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా ఇవి ఏర్పడినాయి. అక్కడ పిల్లలకు ఆటపాటలు నేర్పే కార్యకర్తతోపాటు, వండి వడ్డించి, చేతులు కడిగి, నేల ఊడ్చే ఆయా కూడా ఉంటుంది. సన్మాన సభలలో ఆమె పేరు వినబడడం అరుదు. ఆమె వండిన అన్నం తిన్న పిల్లలే ఆమెకొక కానుక ఇవ్వగలరు. దానికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. పసుపు కలిపిన నీరు, బచ్చలి పండ్ల రసం, అడ్డంగా కోసిన బెండకాయ ముక్కలు, ఒక పెద్ద కాగితం చాలు. ఒకరు ముద్ర వేస్తారు, ఒకరు అరచేయి అద్దుతారు, ఒకరు సున్నాలు చుడతారు. తల నుండే కాళ్ళు మొలిచిన మనిషిని గీసి, ఒకరు అది ఆయమ్మ అంటారు. నాలుగేళ్ళ ప్రాయంలో ప్రపంచమంతటా పిల్లలు మనిషిని దాదాపు అట్లాగే గీస్తారు.

ఇక్కడ పెద్దలకు ఒక పరీక్ష ఎదురవుతుంది. చూసేవారు మెచ్చుకోవాలనే తాపత్రయంతో పిల్ల చేతిని పట్టుకొని గీయించడం, వంకరలు సరిదిద్దడం, చివరకు బొమ్మనంతా తామే పూర్తిచేయడం పలుచోట్ల జరుగుతున్నది. అప్పుడు కాగితం అందంగానే ఉంటుంది. కాని అది పిల్లల కానుక కాదు. ‘నీవు ఇచ్చినది చాలదు’ అన్న పాఠమే ఆ బిడ్డకు మిగులుతుంది. తన పాలు చాలదని నేర్చుకొన్న బిడ్డ రేపు ఇవ్వడానికి జంకుతుంది.

పెద్దలు చేయవలసినది కాగితం పరచడం, రంగు అందించడం, ఎవరి కోసం చేస్తున్నారో చెప్పడం. ‘మనకు రోజూ అన్నం పెట్టేది ఎవరు?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. తక్కినది పిల్లలకు వదిలివేయాలి. పసుపు మరకల నడుమ ఏ అరచేయి ఎవరిదో ఆయాకు వేరే చెప్పనక్కరలేదు. ఆ చేతులను దినదినమూ కడిగినది ఆమెయే.

ప్రశ్నలు
1. భోగిపిడకల దండకు, పసివారి ఉమ్మడి చిత్రానికి గల పోలికలను వివరించండి.
2. పిల్లల బొమ్మలను పెద్దలు సరిదిద్దడం వలన కలిగే నష్టమేమిటి?
3. మీ ఊరిలో ఎవరి సేవ గుర్తింపునకు నోచుకోలేదో తెలుపుతూ ఒక పేరా రాయండి.