తెర దాటిన డిజైన్ – యూపీఐ చెప్పే పాఠం



డిజైన్ అంటే రంగులు, బొమ్మలేనని చాలామంది అనుకుంటారు. వాడే మనిషి తికమక పడకుండా తన పని పూర్తి చేసుకునేలా చూడటమే ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్’. 1990వ దశకంలో యాపిల్ సంస్థలో పనిచేసిన డొనాల్డ్ నార్మన్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు.

ఒకప్పుడు డిజైనరు ఒక్క తెర గురించి ఆలోచిస్తే సరిపోయేది. ఇప్పుడు అలా కాదు. 2016లో మొదలైన యూపీఐనే తీసుకుందాం. కిరాణా కొట్లో 20 రూపాయలు చెల్లిస్తే మన ఫోను, మన బ్యాంకు, ఎన్‌పీసీఐ, కొట్టు యజమాని బ్యాంకు, అక్కడున్న స్పీకరు పెట్టె అన్నీ ఒకే మాట చెప్పాలి. అందుకోసం డిజైనర్లు మూడు విషయాలు నేర్చుకున్నారు.

1. మధ్యలో ఆగితే ఏం చెప్పాలి?: చెల్లింపు ‘పెండింగ్’లో పడినప్పుడు తెర స్పష్టంగా చెప్పకపోతే మనిషి కంగారుపడి రెండోసారి పంపుతాడు. రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం, మన ఖాతాలో తగ్గిన డబ్బు అవతలి వ్యక్తికి చేరకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి జమ కావాలి. దుకాణానికి చెల్లించినదైతే గడువు 5 రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఈ మాట మీ ఇంట్లోవారికి తప్పక చెప్పండి.

2. అందరికీ దారి: చదవలేని వారికి స్పీకరు పెట్టె గొంతుతో చెబుతుంది. ఇంటర్నెట్ లేని బటన్ ఫోన్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది.

3. మోసానికి అడ్డుకట్ట: డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. అయినా “పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది” అని నమ్మించి ఎందరినో దోచుకున్నారు. అందుకే వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపించింది. అపాయమున్న సౌకర్యాన్ని తీసేయడం కూడా డిజైనే.

మిత్రులారా, ఈ రంగానికి మనలాంటివాళ్లు కావాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా అమ్మకు అంకెలు తెలుసు, అక్షరాలు రావు. అలాంటి అమ్మ ఎక్కడ ఆగిపోతుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఫోను వాడుతుంటే పక్కన కూర్చోండి. పిన్ కొట్టేటప్పుడు తల తిప్పుకోండి. మధ్యలో సాయం చేయకుండా, వాళ్లు ఎక్కడ తడబడ్డారో నోటుబుక్కులో రాయండి. కంపెనీల్లో దీన్నే ‘యూజబిలిటీ టెస్టింగ్’ అంటారు. ఈ చదువుకు తొలి పాఠం మన ఇంట్లోనే ఉంది.