పెట్టెలో ఉన్నదే కాగితం మీద

విజయనగరం

పైడిరాజూ,

శంషాబాద్‌లో కస్టమ్స్ బ్రోకరు ఆఫీసులో ఉద్యోగం దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసింది. భోగాపురం విమానాశ్రయంలో పని దొరికితే ఇంటి దగ్గరికే వచ్చేస్తావని ఆవిడ లెక్క. అది తర్వాతి మాట. నా ఉద్యోగమంతా కార్గోలోనే గడిచింది కాబట్టి, నువ్వు సీట్లో కూర్చోకముందే నాలుగు మాటలు నీ చెవిన వెయ్యాలి.

ఈ పనిలో అన్నిటికీ మూలం ఒక్కటే. పెట్టెలో ఉన్నదే కాగితం మీద ఉండాలి. ఎక్స్‌రే ఉంది, కుక్కలున్నాయి, అయినా ప్రతి పెట్టెనీ విప్పి చూసేవాడు ఎవడూ లేడు. పంపేవాడు రాసిచ్చిన మాట మీదే సరుకు విమానం పొట్టలోకి వెళ్తుంది. ప్రమాదకరమైన సరుకు ఏది ఎక్కడ పెట్టారో రాసి కెప్టెన్ చేతికి ఒక కాగితం ఇస్తారు. దాన్ని నోటాక్ అంటారు. గాల్లో పొగ వస్తే ఆయనకున్న ఆధారం ఆ కాగితమే.

మన ఉద్దానం కొబ్బరినే తీసుకో. ఎండుకొబ్బరికి యూఎన్ నంబరు 1363, తరగతి 4.2. అంటే తనంతట తానే వేడెక్కే సరుకు. అందులోని నూనెకి గాలి తగిలి లోలోపల వేడి పుడుతుంది. గోతంలో బిగించి కడితే ఆ వేడికి బయటికి దారుండదు. కవిటిలోనో సోంపేటలోనో ఇంటినిండా కొబ్బరి ఎండబెట్టుకునే మనిషికి ఈ మాట చెప్పి చూడు, "కొబ్బరే కదేటి బాబూ, బాంబేటి?" అంటాడు. వాడి తప్పు కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు. "తినుబండారాలు అని రాసెయ్" అన్న వాడి మాట విని నువ్వు రాస్తే మాత్రం తప్పు నీది. పూజ సామాన్లలో కర్పూరం కూడా అంతే, యూఎన్ 2717, తేలిగ్గా అంటుకునే ఘనపదార్థం. సెంటు మండే ద్రవం. పొట్లం చిన్నదైనా అడగాల్సిందే.

కాగితం తప్పైతే ఏమవుతుందో విను. 1996 మే 11న మయామీలో లేచిన వాల్యూజెట్ విమానం చిత్తడి నేలలో కూలి 110 మంది పోయారు. అందులో ఎక్కించిన ఆక్సిజన్ జనరేటర్లకి కాగితం మీద "ఖాళీవి" అని రాసి ఉంది. అవి ఖాళీవి కావు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో యూపీఎస్ కార్గో విమానం మంటల్లో పోయింది, పైలట్లిద్దరూ చనిపోయారు. ఆ సరుకులో లిథియం బ్యాటరీలున్నాయి. ప్రమాదకర సరుకుగా చెప్పాల్సిన కొన్నిటిని అలా చెప్పలేదని దర్యాప్తులో తేలింది. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం అయాన్ బ్యాటరీలని ప్రయాణికుల విమానంలో సరుకుగా వెయ్యనివ్వరు. కార్గో విమానంలోనైనా చార్జింగు 30 శాతం దాటకూడదు. పవర్ బ్యాంకుకీ ఇదే నియమం.

ఇక కస్టమ్స్. పలాస జీడిపప్పు పార్టీ వచ్చిందనుకో. గుండు పప్పు 0801 32 20, ముక్క 0801 32 10. ధరలోనూ కోడులోనూ తేడా ఉంది కాబట్టి ఇన్‌వాయిస్ చూసి ఊరుకోక సంచి విప్పించి చూడు. కస్టమ్స్ వాళ్ళ ఐస్‌గేట్ పోర్టల్‌లో షిప్పింగ్ బిల్లు వేస్తావు, అధికారి లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డరు ఇస్తాడు. అది రాకుండా పెట్టె విమానం వైపు కదలకూడదు. తెలిసి తప్పుడు వివరం రాస్తే కస్టమ్స్ చట్టం 114ఏఏ కింద సరుకు విలువకి అయిదు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. పార్టీకి చట్టం చెప్పడం బ్రోకరు పని. పార్టీ వినకపోతే ఆ సంగతి డిప్యూటీ కమిషనర్‌కో అసిస్టెంట్ కమిషనర్‌కో తెలపడం కూడా 2018 కస్టమ్స్ బ్రోకర్ల నిబంధనల ప్రకారం బ్రోకరు పనే. పార్టీ పోతుందని మీ ఓనరు గొణుగుతాడు. గొణగనీ.

బరువు దగ్గర తగువులు చాలా వస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేది చోటు లెక్కన బరువు. 60, 50, 40 పెట్టె అయితే 20 కిలోలు. అందులో కొబ్బరిపీచు బొమ్మలు పెట్టి కాటా మీద 7 కిలోలే తూగినా, రెంటిలో ఎక్కువైన 20కే డబ్బు కట్టాలి. ఇది ముందే చెప్పు, కౌంటర్ దగ్గర చెబితే మోసం అంటారు.

ఇంకో సరుకు గురించి ఎవరూ నేర్పరు. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఎన్ని ఊళ్ళ పిల్లలు గల్ఫ్‌లో ఉన్నారో నీకు తెలుసు. అక్కడ చనిపోయినవాడు కూడా ఎయిర్‌వే బిల్లు మీదే ఇంటికొస్తాడు. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, భారత రాయబార కార్యాలయం ఇచ్చిన ఎన్‌వోసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు, అన్నిటిలోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఒకచోట అప్పలరాజు, ఇంకోచోట అప్పల రాజు అని ఉంటే బయట అంబులెన్స్ దగ్గర నిలబడ్డ తండ్రి ఇంకా అక్కడే నిలబడతాడు. విమానం దిగకముందే ఆ కాగితాల కాపీలు తెప్పించుకుని చదువు. ఆ రోజు టీకి వెళ్ళకు, ఫోన్ ఎత్తు, మాట తగ్గించు.

నీకు మొదట కస్టమ్స్ వాళ్ళు హెచ్ కార్డు అనే గుర్తింపు కార్డు ఇస్తారు. దాంతో సరిపెట్టుకోకుండా పరీక్ష రాసి జి కార్డు తెచ్చుకో. ప్రమాదకర సరుకుల శిక్షణ రెండేళ్ళకోసారి మళ్ళీ తీసుకోవాలి. ఆ సరుకుల నిబంధనలుండే ఐఏటీఏ పుస్తకం ఏటా మారుతుంది, పాతది చూసి పని చెయ్యకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక పని చేసి పెట్టు. విమానంలో పట్టుకెళ్ళకూడని వస్తువుల జాబితా పెద్దక్షరాలతో తెలుగులో రాసి తీసుకురా. ఎండుకొబ్బరి, కర్పూరం పైన ఉండాలి. పలాసలోనూ కవిటిలోనూ ట్రావెల్స్ దుకాణాల్లో అంటిద్దాం, దుబాయ్ వెళ్ళే పిల్లలు టికెట్లు కొనేది అక్కడే.

ఇట్లు,
మీ మావయ్య