ఆ లాక్ తీసేయొచ్చా?

ప్రశ్న: లినక్స్‌లో సెన్సర్ డ్రైవర్ రాస్తున్నాను. రీడ్ ఫంక్షన్‌లో మ్యూటెక్స్, దాని లోపల స్పిన్‌లాక్ ఉన్నాయి. రెండూ ఒకే బఫర్‌కి. ఒకటి తీసేయొచ్చా?
– ఒక పాఠకుడు, కలిగిరి

జవాబు: ముందు ఆ బఫర్‌ని ఎవరెవరు ముట్టుకుంటున్నారో రాసుకోండి. లాక్ కాపాడేది డేటాని, కోడ్‌ని కాదు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా అందులో రాస్తుంటే స్పిన్‌లాక్ ఉండాల్సిందే. రీడ్ వైపు దాన్ని స్పిన్_లాక్_ఇర్క్‌సేవ్‌తోనే పట్టుకోండి. మామూలు స్పిన్_లాక్ పట్టుకుని ఉండగా అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వస్తే, హ్యాండ్లర్ అదే లాక్ కోసం తిరుగుతూనే ఉంటుంది. సిస్టమ్ బిగుసుకుపోతుంది.

కాపీ_టు_యూజర్ నిద్రలోకి వెళ్లగలదు కాబట్టి స్పిన్‌లాక్ కింద పిలవకూడదు. బహుశా అందుకే మీరు మ్యూటెక్స్ జోడించి ఉంటారు. డేటాని స్పిన్‌లాక్ కింద లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని, లాక్ వదిలి, అప్పుడు యూజర్‌కి పంపండి. సెన్సర్‌తో ఐ2సీ బస్ మీద వరసగా జరగాల్సిన రెండు మూడు లావాదేవీలు లేకపోతే ఇక మ్యూటెక్స్‌తో పనిలేదు.

తీసేశాక కాన్ఫిగ్_ప్రూవ్_లాకింగ్ ఆన్ చేసి నడపండి. ఇది లాకుల వరస తప్పుల్ని పడుతుంది, మరిచిపోయిన లాక్‌ని దానంతటది పట్టదు. అందుకు లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్ మీరే పెట్టుకోవాలి.

నన్ను ఎక్కువ భయపెట్టేది రిమూవ్ ఫంక్షన్. హ్యాండ్లర్ వర్క్‌ని క్యూలో వేస్తుంటే ముందు ఫ్రీ_ఇర్క్, తర్వాతే క్యాన్సిల్_వర్క్_సింక్, ఆ తర్వాతే బఫర్ విడుదల. ఆ వర్క్‌కి కావాల్సిన లాక్‌ని పట్టుకుని మాత్రం క్యాన్సిల్ పిలవకండి.

తొందరపడకండి. కెర్నల్ అంతటికీ ఒకటే అయిన బిగ్ కెర్నల్ లాక్‌ని కూడా డ్రైవర్ తర్వాత డ్రైవర్ చూసుకుంటూ, 2011లో 2.6.39 నాటికి గానీ పూర్తిగా తీయలేకపోయారు.