యుద్ధం ఆటలో మొదటి పది నిమిషాలు: పసుపు రైతు లెక్కతో ఒక పాఠం



ఊళ్లు కట్టి, సైన్యాలు నడిపే ఆన్‌లైన్ ఆటలు మీ పిల్లలు ఆడుతూనే ఉంటారు. బయట నుంచి చూస్తే కత్తులు, మంటలే కనిపిస్తాయి. కానీ గెలుపోటములు చాలావరకు యుద్ధానికి ముందే, మొదటి పది నిమిషాల ఖర్చులోనే తేలిపోతాయి. ఆ లెక్క ఆర్మూర్ ప్రాంతంలోని ఇళ్లకు కొత్తదేమీ కాదు. జూన్‌లో పసుపు పెట్టే రైతు ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తన కొమ్ము భూమిలో వేస్తాడు. ఎనిమిది తొమ్మిది నెలలు ఆగి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చాకే డబ్బు చేతికొస్తుంది. ఉన్న కొద్దిపాటిని ఎక్కడ పెట్టాలన్నదే అక్కడా ఇక్కడా మొదటి ప్రశ్న.

1. ముందు పనివాళ్లు, తర్వాతే సైనికులు

ఈ తరహా ఆటల్లో పేరున్నది ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’. 2019లో వచ్చిన కొత్త కూర్పులో మామూలుగా 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి, ముగ్గురు పనివాళ్లు, ఒక గుర్రపు వేగు ఇచ్చి ఆట మొదలుపెడతారు. ఒక్కో కొత్త పనివాడికి 50 ఆహారం, 25 సెకన్లు కావాలి. అంటే 200 ఆహారానికి నలుగురు వస్తారు, 100 సెకన్లు పడుతుంది. ఆ తర్వాత?

ఈ లెక్క మీ పిల్లల చేత చేయించండి. 25 సెకన్లకు 50 అంటే నిమిషానికి 120 ఆహారం. గొర్రెల దగ్గర పనిచేసే ఒక్కొక్కరు నిమిషానికి సుమారు 20 తెస్తారు. 120ని 20తో భాగిస్తే 6. అందుకే అనుభవం ఉన్న ఆటగాళ్లు మొదటి ఆరుగురిని ఆహారం దగ్గరే పెడతారు. ఆ తర్వాత వచ్చేవాళ్లను కలపకు పంపుతారు. ఇది ఐదో తరగతి భాగహారమే, కానీ ఇక్కడ జవాబు తప్పితే ఊరు ఆగిపోతుంది.

2. ఖాళీగా పోయిన సమయం తిరిగి రాదు

మొదట్లో ఆ ఊరు ఐదుగురికే సరిపోతుంది. 25 కలపతో ఇల్లు కడితే మరో ఐదుగురికి చోటు వస్తుంది. ఇల్లు కట్టడం మరిచిపోతే ఆహారం ఎంత ఉన్నా కొత్త పనివాడు రాడు. అదను దాటాక విత్తనం, ఎరువు రెండూ సిద్ధంగా ఉన్నా ఏం లాభం? రాబోయే అవసరాన్ని ఒక అడుగు ముందే చూడటం ఇక్కడ నేర్చుకోవాల్సింది.

3. సైన్యం ఎంత ఉండాలి?

తొందరపడి సైన్యం పెంచితే తర్వాతి యుగానికి వెళ్లేందుకు కావాల్సిన 500 ఆహారం మిగలదు. అసలే పెంచకపోతే శత్రువు వచ్చి పనివాళ్లను చంపేస్తాడు. ఆ మధ్య దారి చూపేది గుర్రపు వేగు. ముందు చుట్టుపక్కల తిరిగి గొర్రెలను వెతుకుతాడు, తర్వాత శత్రువు ఏం కడుతున్నాడో చూస్తాడు. సమాచారం వచ్చాకే ఖర్చు.

ఫోన్‌లో ఎక్కువమంది ఆడే ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’లో మొదటి సైనిక శిబిరంలో 20 స్థానాలు ఉంటాయి. జెయింట్ 5 స్థానాలు తీసుకుంటాడు, ఆర్చర్ ఒక్కటే. నలుగురు జెయింట్లతో శిబిరం నిండిపోతుంది, కానీ వెనక నుంచి బాణం వేసేవాళ్లు ఉండరు. ఇద్దరు జెయింట్లు, పదిమంది ఆర్చర్లు కూడా సరిగ్గా 20 స్థానాలే. ఇంకా ఎన్ని రకాలుగా 20 చేయవచ్చో పిల్లలను అడగండి.

4. ఆట నేర్పనిది మీరు నేర్పాలి

‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’లో ఖర్చుపెట్టకుండా ఉంచిన సరుకును ఇతరులు దోచుకోవచ్చు. కాబట్టి ఆట మూసేముందు అంతా ఖర్చు చేయడమే తెలివి. ఇంటి సంగతి అలా కాదు. ధర పడిపోయిన ఏడాది మిగుల్చుకున్నదే కాపాడుతుంది. ఈ తేడా పిల్లలకు ఆట చెప్పదు, మీరే చెప్పాలి.

రెండో సంగతి రత్నాలు. మొదట్లో కట్టడాలు నిమిషాల్లో పూర్తవుతాయి, పోనుపోను రోజులు పడతాయి. ఆ నిరీక్షణ తప్పించుకోవడానికి రత్నాలు కావాలి, వాటిని అసలు డబ్బుతో కొనవచ్చు. పంట చేతికి రాకముందే అడ్తిదారు దగ్గర తెచ్చిన అప్పు ఎంత తేలిగ్గా వస్తుందో, ఎంత భారంగా తీరుతుందో తెలిసినవాళ్లు ఈ సంగతి పిల్లలకు ఒక్క మాటలో చెప్పగలరు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించింది. ఈ ఆటలు ఆ కోవలోకి రావు. అయినా రత్నాలకు పెట్టిన డబ్బు మాత్రం ఇంట్లోంచే పోతుంది.

ఈ నెల ఇంట్లో చేయండి

• ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి.

• ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’ 13 ఏళ్లు నిండినవాళ్లకే. చిన్నపిల్లలతో పై లెక్కలు కాగితం మీద చేయించండి, చాలు.

• ఒక ఆదివారం ఇరవై నిమిషాలు పిల్లల పక్కన కూర్చోండి. మూడే ప్రశ్నలు అడగండి: ఇప్పుడు నీ దగ్గర ఏముంది? దేనికి ఖర్చుపెడుతున్నావు? అది ఎప్పుడు తిరిగి వస్తుంది?

• తర్వాత ఆ మూడు ప్రశ్నలకే మీ ఇంటి జవాబు చెప్పండి. అది పసుపు చేను పెట్టుబడి కావచ్చు, దుకాణం సరుకు కావచ్చు, గల్ఫ్ నుంచి నెలనెలా వచ్చే డబ్బు కావచ్చు. అంకెలతో సహా చెప్పండి.

ఫోన్ లాక్కుంటే ఆట ఆ పూటకే ఆగుతుంది. ఇంటి లెక్క తెలిసిన పిల్లలైతే రత్నాలు కొనమని అడిగేముందు ఆ మూడో ప్రశ్న తమను తామే వేసుకుంటారు.