కారు ఏసీకి గ్యాస్ పట్టనప్పుడు: చేయవలసినవి, చేయకూడనివి

ఎండాకాలం మొదలైతే ఫిల్మ్‌నగర్‌లో కారు ఏసీలకు విశ్రాంతి ఉండదు. స్టూడియో గేటు బయట బండి గంటల తరబడి స్టార్టింగ్‌లోనే ఉంటుంది. సారు ఎప్పుడు బయటికొస్తారో తెలియదు కాబట్టి డ్రైవరు ఏసీ ఆపడు. అక్కణ్ణుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఎత్తుపల్లాల రోడ్డు, సిగ్నల్ దగ్గర ఒకదాని వెనక ఒకటి ఆగిన బండ్లు. పరుగు లేకపోతే కండెన్సర్‌కు ఎదురుగాలి తగలదు. చలికాలంలో దాక్కున్న లోపమంతా అప్పుడే బయటపడుతుంది. చల్లదనం తగ్గిందనగానే గ్యాస్ కొట్టించమంటారు. తీరా కొట్టిస్తే ఎక్కదు, ఎక్కినా వారం తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తుంది.

దెబ్బలు తగిలేది ఈ ఘట్టంలోనే. ఎక్కని గ్యాస్‌ను ఎలాగైనా ఎక్కించాలని టిన్ను వేడి చేస్తారు, స్విచ్ డైరెక్ట్ చేస్తారు, తిప్పకూడని వాల్వ్ తిప్పుతారు. ఓనరు తొందరపెడితే డ్రైవరు, డ్రైవరు తొందరపెడితే షాపులో పనిచేసే కుర్రాడు ప్రమాదంలో పడతారు. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగేదే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఏళ్ళ మీద రబ్బరు హోస్‌ల గుండా కొద్దిగా తగ్గడం మామూలే. వారంలో ఖాళీ అయిందంటే లీకు ఉన్నట్టే. అసలు ఎక్కడం లేదంటే దానికో కారణం ఉంది, ఆ కారణం దొరికేదాకా చెయ్యి ఆపాలి.

గ్యాస్ సంగతి తర్వాత, ముందు ఫ్యాన్ చూడండి

చల్లగా రాని ప్రతి బండికీ గ్యాస్ తక్కువని అనుకోవద్దు. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, కండెన్సర్ రెక్కల మధ్య మట్టి పేరుకున్నా, ముందున్న ఫ్యాన్ తిరగకపోయినా లక్షణం ఒకటే. సిగ్నల్ దగ్గర వేడిగాలి వచ్చి, కేబుల్ బ్రిడ్జి మీద స్పీడు అందుకోగానే చల్లబడుతోందంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీద పెట్టుకోండి. బానెట్ ఎత్తి చూసేటప్పుడు చున్నీ, మెడలో ఐడీ కార్డు తాడు, వదులు చొక్కా చేతులు జాగ్రత్త. చాలా బండ్లలో ఇంజను ఆపినా ఫ్యాన్ దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకండి.

గేజ్ పెట్టకుండా గ్యాస్ పెట్టనివ్వకండి

ఇంజను ఆపి కాసేపయ్యాక గేజ్‌లో లో సైడ్ (తక్కువ ప్రెషర్ వైపు), హై సైడ్ (ఎక్కువ ప్రెషర్ వైపు) రెండు ముళ్ళూ ఒకే అంకె చూపించాలి. ఆర్-134ఎ గ్యాస్ ఉన్న బండిలో, బయట 35 డిగ్రీలుంటే ఆ అంకె సుమారు 115 పీఎస్‌ఐ. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ అంకె వచ్చినంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు. లోపల కొంతైనా ద్రవరూపంలో మిగిలి ఉందని మాత్రమే దాని అర్థం. ముళ్ళు 30 దగ్గరే ఆగిపోతే సిస్టమ్ దాదాపు ఖాళీ.

అలా ఖాళీ అయిన బండిలో కంప్రెసర్ తిరగదు, ఎందుకంటే ప్రెషర్ స్విచ్ కరెంటు కట్ చేసేస్తుంది. కంప్రెసర్ తిరగకపోతే లో సైడ్ నుంచి లాగేవాళ్ళుండరు. టిన్నులోని ప్రెషర్, గొట్టాల్లోని ప్రెషర్ సమానం కాగానే గ్యాస్ అక్కడే నిలిచిపోతుంది. "ఎక్కట్లేదన్నా, స్విచ్ డైరెక్ట్ చేద్దామా?" అని కుర్రాడు అడిగేది అప్పుడే. వద్దని చెప్పండి. కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ లేకుండా కంప్రెసర్ తిప్పితే ఆయిల్ అందక పట్టేస్తుంది, అరిగిన లోహపు పొడి కండెన్సర్ దాకా చేరుతుంది. వందల్లో పోయే పని వేలల్లోకి వెళ్తుంది. ఆ స్విచ్ కంప్రెసర్‌ను కాపాడ్డానికే ఉంది. స్విచ్చే చెడిపోయిందన్న అనుమానముంటే మీటరుతో పరీక్షించి మార్చాలి, వైరు ముక్కతో కలపకూడదు.

కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు ఎండలో లో సైడ్ 30 నుంచి 45 వరకు, హై సైడ్ 200 పైన ఉండడం చాలా కార్లలో మామూలు. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ బాగా ఎక్కువైతే గ్యాస్ ఎక్కువైంది, లేదా లోపల గాలి చేరింది, లేదా ఫ్యాన్ పనిచేయడం లేదు. లో సైడ్ సున్నా కిందికి జారుతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గరో, తేమ పీల్చే డ్రయ్యర్ దగ్గరో అడ్డు పడింది. లో సైడ్ ఎక్కువగా, హై సైడ్ తక్కువగా ఉంటే కంప్రెసర్ బలం తగ్గింది. వీటిలో మొదటిది తప్ప మరేదీ గ్యాస్ పోస్తే బాగయ్యేది కాదు, ఆ మొదటిదానికీ లీకు మూయడం ముందు పని.

టిన్నుకు మంట చూపకండి

గ్యాస్ బయటికి పోతున్నకొద్దీ టిన్ను చల్లబడుతుంది, పైన తేమ పట్టి మంచు కట్టినట్టవుతుంది. లోపలి ప్రెషర్ పడిపోయి ప్రవాహం మందగిస్తుంది. దాన్ని చూసి లైటరు వెలిగించేవాళ్ళున్నారు, సైలెన్సర్ పక్కన పెట్టేవాళ్ళున్నారు. 50 డిగ్రీల దగ్గర ఈ గ్యాస్ ప్రెషర్ 175 పీఎస్‌ఐ దాటుతుంది, 70 డిగ్రీలకు 290 దాకా వెళ్తుంది. పలుచటి రేకు టిన్ను దాన్ని ఓర్చుకుంటుందని నమ్మడానికి లేదు. అవసరమైతే చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి, అంతకు మించి వద్దు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో టిన్నులు దాచిపెట్టడం కూడా మానండి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఇంజను నడుస్తుండగా హై సైడ్ వాల్వ్ తెరవకూడదు. తెరిస్తే కారులోని 200, 250 పీఎస్‌ఐ ఎదురు వచ్చి టిన్నులో పడుతుంది, టిన్ను చేతిలోనే పగలొచ్చు. ఆర్-134ఎ కార్లలో లో సైడ్, హై సైడ్ కప్లింగుల సైజు వేరుగా చేసింది ఇందుకే: ఒకటి 13 మిల్లీమీటర్లు, రెండోది 16. ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. అడాప్టర్లు పెట్టి ఎక్కించుకోవద్దు. అలాగే కంప్రెసర్ తిరుగుతుండగా టిన్నును తలకిందులు చేయకండి. ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోతే లోపలి వాల్వులు విరుగుతాయి.

కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేనిదే కప్లర్ ముట్టుకోనివ్వకండి

ఆర్-134ఎ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. ద్రవం చర్మం మీద పడితే అక్కడి తేమ గడ్డకట్టి బొబ్బలెక్కుతుంది. కంట్లో పడితే నలపకండి. కనీసం పావుగంట సేపు మంచినీళ్ళు ధారగా పోస్తూ కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈ చుట్టుపక్కలవాళ్ళకు బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి దగ్గరే ఉంది.

సెల్లార్‌లో ఈ పని పెట్టుకోకండి

జూబ్లీహిల్స్ బండరాళ్ళ గుట్టల మీద కట్టిన చోటు. రోడ్డుకు దిగువన సెల్లార్లున్న ఇళ్ళు, అపార్టుమెంట్లు ఎన్నో. ఎండ తగలదని మెకానిక్‌ను అక్కడికే పిలుస్తారు. ఏసీ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. వాసన తెలియదు. బండి కింద పడుకుని పనిచేసేవాడికి ఊపిరాడే గాలి తగ్గిపోతుంది. పైగా ఏసీ పరీక్షించడానికి ఇంజను నడపాలి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కూ రంగు, వాసన లేవు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం మొదలైతే ఇంజను ఆపి మనిషిని ఆరుబయటికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. బండి బయట నీడన పెట్టి, గాలి ఆడే చోట పని చేయించండి. దగ్గర్లో బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఏవీ ఉండకూడదు. మంట తగిలితే ఈ గ్యాస్ విడిపోయి ఊపిరితిత్తులను తినేసే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది.

షూటింగ్ దగ్గర రాత్రంతా ఎదురుచూసే డ్రైవర్ల కోసం ఈ మాట ఇక్కడే చెప్పాలి. అద్దాలన్నీ ఎక్కించి, ఇంజను నడుస్తుండగా ఏసీ వేసుకుని నిద్రపోకండి, మూసిన పార్కింగ్‌లో అసలే వద్దు. యజమానులు వాళ్ళకు కూర్చోడానికి ఒక నీడ, ఒక ఫ్యాన్ చూపించడం ఎంతో మేలు.

ఏ గ్యాసో తెలియని టిన్ను పెట్టనివ్వకండి

బానెట్ కింద స్టిక్కరు చదవండి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అనేది దాని మీదే ఉంటుంది. ఓజోన్ పొరను దెబ్బతీసే పాత ఆర్-12ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత ప్రపంచం వదిలించుకుంది. దాని స్థానంలో వచ్చిందే ఆర్-134ఎ. మన తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు కూడా దాని తయారీ మీద కృషి చేశారు. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లకు ఆర్-134ఎ కూడా లేదు, ఆర్-1234వైఎఫ్ వాడుతున్నారు. జూబ్లీహిల్స్ కొండల మీద తిరిగే దిగుమతి కార్లలో అది ఉండే అవకాశం ఎక్కువ. దానికి మంటంటుకునే గుణం కొద్దిగా ఉంది, మెషీన్ వేరే, కప్లింగు వేరే. అది ఖరీదని చెప్పి ఆర్-134ఎ కలిపేస్తామంటే ఒప్పుకోకండి.

ఇంటి ఏసీ గ్యాస్ కారుకు పనికిరాదు. 40 డిగ్రీల దగ్గర ఆర్-134ఎ ప్రెషర్ 130 పీఎస్‌ఐ చిల్లరైతే, ఇంటి ఏసీల్లో వాడే ఆర్-32ది 340 పైన. వంటగ్యాస్ లాంటివి కలిపిన మిశ్రమాల గురించి చెప్పనే అక్కర్లేదు, కూలింగ్ కాయిల్ లీకైతే ఆ మంటంటుకునే గ్యాస్ నేరుగా మనం కూర్చున్న చోటికే వస్తుంది.

నకిలీ గ్యాస్ సంగతి అంతకంటే భయంకరం. 2011లో వియత్నాంలో సర్వీసు చేసిన కొన్ని శీతల కంటైనర్లు పేలి, అక్కడా బ్రెజిల్‌లోనూ పనివాళ్ళు చనిపోయారు. ఆర్-134ఎ పేరుతో వాటిలో నింపిన దాంట్లో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉంది. అది అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగిలితే చాలు భగ్గుమనే పదార్థంగా మారుతుంది. మన కార్ల కండెన్సర్లు, కూలింగ్ కాయిళ్ళు చాలావరకు అల్యూమినియమే. వంద రూపాయలు తక్కువని సీలు లేని, పేరు లేని టిన్ను కొనకండి.

లీకు వెతికి, వ్యాక్యూమ్ పట్టించి, తూకం వేసి నింపించండి

లీకు పరీక్షకు పొడి నైట్రోజన్ వాడాలి. ఆక్సిజన్ సిలిండర్ బిగిస్తే లోపలి ఆయిల్‌తో కలిసి పేలుతుంది. పంచర్ షాపు కంప్రెసర్ గాలి కూడా వద్దు. ప్రెషర్‌లో గాలి, ఆర్-134ఎ కలిస్తే మండే అవకాశముంది, తేమ కూడా లోపలికి పోతుంది. సబ్బు నురగతో ప్రతి జాయింటూ చూడాలి. ఓ రింగులు, వాల్వ్ పిన్నులు, రాయి తగిలే కండెన్సర్ ముందుభాగం, డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్ మామూలుగా లీకయ్యే చోట్లు. లీకు మూసే మందులు పోయించవద్దు, అవి వాల్వునూ షాపువాళ్ళ మెషీన్‌నూ కూడా మూసేస్తాయి.

రిపేరయ్యాక కనీసం అరగంట వ్యాక్యూమ్. తర్వాత పంపు ఆపి పావుగంట ముల్లు కదలకుండా నిలవాలి. కదిలితే లీకు ఇంకా ఉంది. సిస్టమ్ విప్పి ఉన్నప్పుడు లోపల తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి, పది నిమిషాలు చల్లగా వచ్చి ఆగుతుంది. కాసేపు ఆపి వేస్తే మళ్ళీ వస్తుంది. అది డ్రయ్యర్ మార్చమని అడుగుతోంది, గ్యాస్ పోయమని కాదు. పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలెయ్యనివ్వకండి. ఒక కిలో ఆర్-134ఎ భూమిని వేడెక్కించడంలో 1430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. రికవరీ మెషీన్ ఉన్న షాపుకే వెళ్ళండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల జోలికి మామూలు షాపువాళ్ళు వెళ్ళకూడదు. నారింజ రంగు కేబుళ్ళలో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది. వాటి కంప్రెసర్‌లో మామూలు కార్ల ఏసీకి వాడే ప్యాగ్ ఆయిల్ పడితే విద్యుత్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఆ బండ్లను కంపెనీ శిక్షణ ఉన్న చోటికే పంపండి.

బండి తీసుకునేటప్పుడు ఎన్ని గ్రాములు నింపారో, ఎంత ఆయిల్ పోశారో, లీకు ఎక్కడ దొరికిందో బిల్లు మీద రాయించుకోండి. లీకు దొరకలేదన్నప్పుడు యూవీ డై వేయించి, పది రోజుల తర్వాత అదే షాపులో లైటు వేసి చూపించుకోండి. మళ్ళీ చల్లదనం తగ్గితే అంతదాకా ఆగకుండా, కొత్తగా గ్యాస్ పోయించకుండా, ఆ బిల్లు పట్టుకుని వెళ్ళండి.