అయ్యగారు లేని మూడు నెలలు

భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్ ఉంది. అలాంటి చోట ప్రొఫెసరుగానో అసోసియేట్ ప్రొఫెసరుగానో ఏడేళ్లు పనిచేసినవారు సబ్బాటికల్ సెలవు అడగవచ్చు. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఆ వీలుంది. ఒక విడతలో ఏడాదికి మించకూడదు, సర్వీసు మొత్తంలో రెండేళ్లకు మించకూడదు, అంతే. ఇక అక్కడి నుంచి కామారెడ్డి వైపు వచ్చి, దారిలో ఏ పాస్టరు గారినైనా అడగండి: "అయ్యగారూ, మీరు చివరిసారి సెలవు పెట్టిందెప్పుడు?" నవ్వుతారు. "సేవకు సెలవేమిటమ్మా?" అంటారు.

ఆ జవాబుతోనే నా పేచీ.

ఆయన వారం ఎలా గడుస్తుందో చూడండి. ఆదివారం ఊరందరికీ సెలవు, ఆయనకు మాత్రం రెండు మూడు ఆరాధనలు. మధ్యలో గృహ కూటాలు, స్త్రీల కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి ఆల్‌నైట్. ఇవి క్యాలెండరులో ఉండేవి. క్యాలెండరులో లేనివి ఇంకా ఎక్కువ. బీడీలు చుట్టే ఇంట్లో అప్పులవాడు వచ్చి కూర్చుంటే ఫోను అయ్యగారికే. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకు జాడ తెలియకపోతే ఫోను అయ్యగారికే. శవపేటిక శంషాబాదులో దిగిందంటే, అంబులెన్సు 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి చేరేదాకా ఆ ఇంటి ముందు కూర్చునేదీ ఆయనే. తెల్లారి సమాధి కార్యక్రమం, మధ్యాహ్నం ఇంకెవరి ఇంట్లోనో పుట్టినరోజు ప్రార్థన. ఒకే రోజు ఏడ్చి, అదే రోజు నవ్వాలి. ఈ పనికి గంటల లెక్క లేదు. దీనివల్ల కలిగే అలసటకు పేరు కూడా పెట్టనివ్వం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌కు మూడు లక్షణాలు చెప్పింది. శక్తి హరించుకుపోవడం ఒకటి. చేసే పని మీద ఏవగింపు పుట్టడం, దానికి మనసు దూరమవడం రెండోది. పనితనం తగ్గడం మూడోది. పాస్టర్లకు నేను చెప్పేదేమిటంటే, మొదటిదాని కోసం ఎదురుచూడకండి, రెండోదాన్ని గమనించండి. తలుపు తట్టిన చప్పుడుకు "మళ్లీ ఎవరొచ్చారు?" అని విసుగు పుడుతోందా? ప్రసంగంలో ఓదార్పు తగ్గి మందలింపు పెరిగిందా? పాత నోట్సులో తేదీ మార్చి అదే వాక్యం చెబుతున్నారా? చెరకు పండించే జిల్లా కాబట్టి ఈ మాట సులువుగానే అర్థమవుతుంది: ఒక్కసారి నాటిన మోళ్ల మీద ఎన్ని కార్శి పంటలు తీస్తారు?

పాస్టర్లను సెలవుకు దూరంగా ఉంచేది డబ్బు కాదు, బిషప్పు కాదు, కమిటీ కూడా కాదు. "నేను లేకపోతే నడవదు" అన్న నమ్మకం. అది భక్తిలా కనిపిస్తుంది గాని అందులో పెత్తనం పాలే ఎక్కువ. మోషేకు ఈ సంగతి చెప్పడానికి మామ యిత్రో రావలసి వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులు ఒక్కడే తీరుస్తున్న అల్లుణ్ణి చూసి, ఇది మంచి పని కాదనీ, నువ్వూ నలుగుతావు, నీ జనమూ నలుగుతారనీ మొహం మీదే చెప్పాడాయన. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి మనుషుల్ని పెట్టమన్నాడు. మన సంఘాల్లో ఈ అధ్యాయం మీద ప్రసంగాలు చాలానే విన్నాం. యిత్రో మాట విన్న పాస్టర్లు మాత్రం తక్కువ.

ఇదేదో అమెరికా నుంచి దిగిన ఫ్యాషన్ అనుకునేవారికి ఒక మాట. ఏడో ఏట భూమిని దున్నకుండా వదిలేయమన్నది లేవీయకాండం. 1880లో హార్వర్డు విశ్వవిద్యాలయం చార్లెస్ లాన్మన్ అనే సంస్కృత పండితుణ్ణి రప్పించుకునేందుకు ఏడేళ్లకోసారి సెలవు ఇస్తామని ఆశచూపింది. చదువుల లోకంలోకి ఆ ఏడేళ్ల లెక్క వచ్చింది అలాగే. బైబిలు నుంచి యూనివర్సిటీకి వెళ్లిన ఆలోచన మళ్లీ చర్చికి రావడానికి మొహమాటమెందుకు?

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. ఎల్లారెడ్డి నుంచి పోచారం మీదుగా వెళితే మెదక్ ఎంతో దూరం లేదు. అక్కడ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన పెద్ద చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్, 1915లో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని స్థాపించిన ఇసబెల్ కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందినవారు. ఆ కాలపు మిషనరీలకు కొన్నేళ్లకోసారి ఓడెక్కి స్వదేశం వెళ్లే ఫర్లో ఉండేది. వారితో పాటు ఊరూరా కాలినడకన తిరిగిన మన సువార్తికులకు, బైబిలు స్త్రీలకు అలాంటి ఏర్పాటు లేదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఆ మెథడిస్టు సంఘాలు అందులో కలిశాయి. బ్రిటన్‌లోని మెథడిస్టు సంఘం నేడు తన సేవకులకు మొదట పదేళ్ల సేవ తర్వాత, ఆపైన ఏడేళ్లకోసారి, మూడేసి నెలల సబ్బాటికల్ ఇస్తోంది. వాళ్ల కీర్తనలు తెచ్చుకున్నాం, గంటలు తెచ్చుకున్నాం, కమిటీలు కూడా తెచ్చుకున్నాం. సెలవు ఒక్కటే ఓడలో వెనక్కి వెళ్లిపోయింది.

కాబట్టి ఎలా మొదలుపెట్టాలి? మూడు నెలలతో మాత్రం కాదు, సోమవారంతో మొదలుపెట్టండి. ఆ ఒక్క రోజు చావు కబురుకు తప్ప దేనికీ అయ్యగారిని పిలవకూడదని సంఘంలో చదివి వినిపించండి. ఆర్నెల్లు అది నిలబడితే పదిహేను రోజుల సెలవు. అదీ నిలబడితే మూడు నెలలు. సోమవారం ఇవ్వలేని సంఘం మూడు నెలలు ఇస్తానంటే నమ్మకండి.

నెలలు ఎంచుకోవడంలోనే సగం విజయం ఉంది. డిసెంబరు కుదరదు, శ్రమల దినాలు కుదరవు, మే నెలలో వీబీఎస్ (వేసవి బైబిలు బడి) పిల్లల హడావుడి. జూలై, ఆగస్టు, సెప్టెంబరు చూడండి. నాట్లు, కలుపుతీతలతో జనం పొలాల్లో ఉంటారు, సాయంత్రం కూటాలు ఎలాగూ పలచబడతాయి. కోత పండుగ వేళకు అయ్యగారు తిరిగి వస్తారు.

డబ్బు? ఎనభై గడపల సంఘం అనుకుందాం. గడపకు నెలకు పది రూపాయలు. ఏడేళ్లంటే 84 నెలలు. మొత్తం 67,200 రూపాయలు. మూడు నెలలకు పంచితే నెలకు 22,400. వచ్చే బోధకుల దారి ఖర్చు, కానుక అందులో వెళ్లిపోతాయి. అయ్యగారి జీతం మాత్రం ముట్టుకోకూడదు. అమెరికాలో లిల్లీ ఎండోమెంట్ అనే ధార్మిక సంస్థ ఏళ్లపాటు ఇలాంటి సెలవులకు 50 వేల డాలర్ల దాకా గ్రాంటు ఇచ్చింది. అందులో 15 వేల దాకా పాస్టరు లేని రోజుల్లో సంఘానికయ్యే ఖర్చులకు వాడుకోనిచ్చింది. తెలివైన పని. పాస్టరు వెళ్లాక సంఘం ఇబ్బంది పడితే రెండోసారి సెలవు ఎవరిస్తారు?

ఎల్లారెడ్డి పాస్టరు వెళితే కామారెడ్డి పాస్టరు చూసుకోవాలి, వచ్చే ఏడాది అటుది ఇటు. ఇక్కడే అసలు భయం బయటపడుతుంది: "నా గొర్రెల్ని ఆయన తీసుకుపోతే?" ఈ భయాన్ని దాచిపెట్టకండి, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, సమాధులు, పెళ్లిళ్లు ఎవరు చేయాలి, తిరిగి వచ్చాక పాత బాధ్యతలు పాతవారికే అన్న మాటతో సహా రాసి సంతకాలు పెట్టండి. నోటి మాట మీద ఇచ్చిన సెలవు నోటి మాటతోనే రద్దవుతుంది.

ఇక ఫోను. స్విచ్ఛాఫ్ చేస్తానని అందరూ అంటారు, ఎవరూ చేయరు. సంఘానికి తెలిసిన నంబరు సిమ్మునే ఒక పెద్దమనిషి చేతికి ఇచ్చేయండి. చర్చి పక్కనే ఉన్న పాస్టరు బంగళాలో కూర్చుని సెలవు తీసుకోవడం కూడా అసాధ్యం. ఊరు విడవాలి. సొంతూరైనా సరే, అత్తగారి ఊరైనా సరే.

అత్తగారంటే గుర్తొచ్చింది. ఈ సెలవు కాగితంలో అయ్యగారి భార్య, అంటే అమ్మగారి పేరు కూడా ఉండాలి. ఆమెకు జీతం లేదు, నియామక పత్రం లేదు. కానీ స్త్రీల కూటం ఆమెదే, సండే స్కూలు చాలాచోట్ల ఆమెదే, వేళకాని వేళ వచ్చినవారికి టీ పెట్టేదీ ఆమే. ఆడవాళ్లు అయ్యగారికి చెప్పుకోలేని కష్టాలన్నీ వినేదీ ఆమే. అయ్యగారు సెలవులో ఉండి అమ్మగారు కూటాలు నడిపిస్తుంటే అది సెలవు కాదు, మోసం. బైబిలు స్త్రీకి, సువార్తికుడికి, చర్చి కాపలా మనిషికి కూడా వారి సేవాకాలాన్ని బట్టి విడుపు ఉండాలి. ముందు వారికిచ్చి చూడండని నా సలహా. అదే మంచి రిహార్సల్.

సొంతంగా సంఘం నడుపుకునే పాస్టర్ల కథ వేరే. సెలవు మంజూరు చేసే బిషప్పు లేడు, జీతం లేదు. ఆయన మాట్లాడని ఆదివారం కానుక పెట్టె కూడా తేలికవుతుంది. ఆయన ముందు మూడు నెలల మాట ఎత్తడం క్రూరం. మండలంలోని పాస్టర్స్ ఫెలోషిప్ తలచుకుంటే మాత్రం ఏడాదికి పది రోజులు కుదురుతుంది. ఒకరి పల్పిట్‌లో ఒకరు వంతులవారీగా నిలబడి, ఆ రోజు కానుక ఆ ఇంటికే ఇచ్చేస్తే చాలు. నెలనెలా కలిసి ప్రార్థన చేసే పదిమందికి ఇది పెద్ద లెక్క కాదు.

సెలవులో ఏం చేయాలి? ముందు నిద్రపోండి. ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దూత ఆయనకు ఉపదేశం చేయలేదు. రొట్టె పెట్టింది, పడుకోనిచ్చింది, లేపి మళ్లీ రొట్టె పెట్టింది. హోరేబు ప్రయాణం ఆ తర్వాత. మొదటి పదిహేను రోజులు తిండి, నిద్ర, షుగరు, బీపీ పరీక్షలు. తర్వాత ఎవరూ గుర్తుపట్టని చర్చిలో వెనక బెంచీలో కూర్చుని వాక్యం వినండి, తప్పులు వెతక్కుండా. పిల్లల్ని వాళ్ల చదువు గురించి కాకుండా వాళ్ల స్నేహితుల గురించి అడగండి. "ఖాళీగానే ఉన్నారుగా, మా ఊళ్లో మూడు రోజుల సభలు" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. వద్దనండి. ఒప్పుకున్నారంటే మారింది వేదికే, పని కాదు.

తిరిగి రావడం వెళ్లడం కన్నా కష్టం. మీరు లేనప్పుడు ఓ కుర్రాడు పాటల బృందాన్ని మీకన్నా బాగా నడిపించి ఉంటాడు. ఓ పెద్దమ్మ సమాధి దగ్గర మీకన్నా చక్కగా ప్రార్థన చేసి ఉంటుంది. గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది, సహజమే. ఆ పనులు మళ్లీ మీ చేతిలోకి లాక్కోకండి. అవి వాళ్ల దగ్గరే ఉంటే రెండోసారి సెలవుకు సంఘమే మిమ్మల్ని పంపుతుంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి సంఘ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే కమిటీ సమావేశంలో గోడకు సున్నం, మైకు సెట్టు, ప్రహరీ గోడ తర్వాత ఇంకో అంశం చేర్చండి: అయ్యగారి సోమవారం. తీర్మానం రాయండి, సంతకాలు చేయండి, ఆ వచ్చే సోమవారం నుంచే అమలు చేయండి.